గోమార్లను చేత్తో చిదమవద్దు

సంపాదకులు గారికి,

వానలు మొదలవగానే గొడ్ల చెవుల్లో, గంగడోలు కింద, పొదుగు పక్కన గోమార్లు పట్టడం మా సిరొంచ తాలూకాలో ఏటా ఉండేదే. నెత్తురు తాగి ఆముదపు గింజలా ఉబ్బినదాన్ని వేళ్లతో పీకి, గోటితోనో రాతి మీదనో చిదమడం మాలో చాలామందికి అలవాటు. ఆ అలవాటు మానుకోవాలి.

గోమార్లలో హయలోమా అనే జాతి క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరాన్ని మోస్తుంది. మన దేశంలో ఈ జ్వరం తొలిసారి 2011 జనవరిలో గుజరాత్‌లో బయటపడినప్పుడు, రోగితో పాటు ఆమెకు చికిత్స చేసిన వైద్యుడు, నర్సు కూడా చనిపోయారు. 2020లో మన మహారాష్ట్రలోనే, గుజరాత్ సరిహద్దున ఉన్న పాల్ఘర్ జిల్లా యంత్రాంగం పశుపోషకులను అప్రమత్తం చేసింది. గడ్చిరోలిలో ఈ జ్వరం ఉందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే సంతలో పళ్లు, నడక చూసి కొనే పశువు నెత్తురులో ఈ వైరస్ వారం దాకా ఉన్నా, పైకి జబ్బు లక్షణమేదీ కనిపించదు. ప్రాణహితకు, గోదావరికి ఇరువైపులా గొడ్లు నిత్యం చేతులు మారే మాలాంటి చోట ఆలోచించవలసింది దీన్నే. గోమారి కుట్టినా, చిదిమినప్పుడు దాని నెత్తురు చేతి గాయానికి తగిలినా, మాంసం కోసేటప్పుడు పచ్చి నెత్తురు అంటినా సోకవచ్చు. సోకినవారిలో వందకు 10 నుంచి 40 మంది దాకా మరణిస్తారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

హయలోమా జాతి గోమారి కొట్టం గోడల పగుళ్లలో దాగి గుడ్లు పెడుతుంది కనుక, పశువు ఒంటికి మందు పట్టించి గోడను వదిలేస్తే ఫలితం ఉండదు. పగుళ్లు పూడ్చి, పశువైద్యుడు చెప్పిన మోతాదులోనే మందు వాడాలి. గొడ్లను పట్టుకునేవారికి చేతి తొడుగులు తప్పనిసరి. అడవికి తునికాకు కోతకు వెళ్లేవారు లేత రంగు నిండు చేతుల చొక్కా వేసుకుని, ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకుని, ఇంటికి రాగానే చంకలు, మోకాళ్ల వెనక, చెవుల వెనక చూసుకోవాలి. అంటుకున్నదాన్ని కిరోసిన్‌తోనో బీడీ చురకతోనో వదిలించబోవడం పెద్దల నుంచి వచ్చిన పద్ధతే అయినా మంచిది కాదు. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా తిన్నగా లాగి, సబ్బుతో కడుక్కోవాలి. తర్వాత రెండు వారాల లోపు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే గోమారి కుట్టిన సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి.

గాలికుంటు, గొంతువాపు టీకాలకు ఊళ్లకు వచ్చే పశుసంవర్ధక సిబ్బంది ఈ విషయాలు కూడా చెప్పి, మరాఠీతో పాటు తెలుగులోనూ కరపత్రాలు పంచాలని, తొలకరికి ముందే కొట్టాలలో మందు పిచికారీ చేయించాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పశుపోషకుడు,
సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర