నోటీసు చెట్టుకే అంటించాలి

సంపాదకులకు నమస్కారం.

మా సైనిక్‌పురి, కాప్రా వైపు పాత ఇండిపెండెంట్ ఇళ్లు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లు అవుతున్నాయి. ఇల్లు కూల్చిన కొద్ది రోజులకే ఆ ఆవరణలోని వేప, మామిడి, కానుగ కూడా నేలకూలుతున్నాయి. ఎక్కువగా ఆదివారం తెల్లవారుజామునే రంపం మోత మొదలవుతుంది. ఆఫీసులకు సెలవు కదా, అడిగే అధికారి ఉండడు. మొన్న మా వీధి చివర ఇద్దరు చేతులు కలిపి పట్టుకున్నా అందనంత లావు వేపను ఇలాగే కొట్టేశారు. మేం వెళ్లేసరికి దుంగలు ట్రాక్టర్‌కి ఎక్కిస్తున్నారు. పర్మిషన్ ఉందా అని అడిగితే “సార్ దగ్గరుందమ్మా” అన్నాడు మేస్త్రీ. ఆ సార్ ఎవరో, ఆ కాగితం నిజంగా ఉందో లేదో ఇప్పటికీ తెలియదు. ఫోన్ చేసిన ప్రతిచోటా ఇంకో నంబర్ ఇచ్చారు.

చట్టం లేక కాదు ఈ దుస్థితి. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ అమల్లో ఉంది. సాధారణంగా సొంత స్థలంలోని చెట్టునైనా అనుమతి లేకుండా కొట్టకూడదు. కానీ ఆ అనుమతి వ్యవహారమంతా దరఖాస్తుదారుడికీ అధికారికీ మధ్యే నడిచిపోతుంది. పక్కింటివాళ్లకు తెలిసేది చెట్టు పడ్డాకే. అప్పుడు ఫిర్యాదు చేసి ఏం లాభం?

మహారాష్ట్రలో 1975 నుంచే నగరాల చెట్లకు వేరే చట్టం ఉంది. ముంబయి, పుణెల్లో ఎవరైనా చెట్టు కొట్టాలని దరఖాస్తు చేస్తే అధికారులు పత్రికలో ప్రకటన ఇవ్వాలి, ఆ చెట్టుకే నోటీసు అంటించాలి, అభ్యంతరాలు వినాలి. కర్ణాటకలో యాభైకి మించి చెట్లు తీయాలంటే ముందుగా ప్రజల అభిప్రాయం తీసుకోవాలి. అక్కడా చెట్లు పడుతూనే ఉన్నాయి, కాదనను. కానీ చెట్టు పడేలోపు అడ్డు చెప్పే దారి అక్కడి జనానికి ఉంది, మనకు లేదు.

హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో 2025లో చెట్లు కూల్చడానికి బుల్డోజర్లు దిగినప్పుడు పక్కనున్న సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు కళ్లారా చూశారు కాబట్టే గొడవైంది, సుప్రీంకోర్టు ఆపింది. అదే ఏడాది మధుర దగ్గర అనుమతి లేకుండా 454 చెట్లు కొట్టిన కేసులో చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానా సరేనంది ఆ కోర్టే. మా వీధి వేప కోసం ఎవరు సుప్రీంకోర్టుకు వెళ్తారు?

బోలుపడి ఇంటి మీదికి ఒరిగిన చెట్టును తీయాల్సిందే. అలాంటి దానికి నోటీసు పెడితే ఎవరూ అడ్డుపడరు, చూస్తే తెలిసిపోతుంది కదా. నేను అడిగేది ఒక్కటే. కొట్టడానికి కనీసం పది రోజుల ముందు దరఖాస్తు నంబర్, కారణం, అనుమతించే అధికారి ఫోన్ నంబర్ రాసిన కాగితం ఆ చెట్టు మొదలుకే కట్టాలి. అదే వివరం ఆన్‌లైన్‌లోనూ పెట్టాలి. నోటీసు లేకుండా రంపం పెడితే పనిని అక్కడికక్కడే ఆపించే అధికారం సెలవురోజు కూడా ఎవరో ఒకరికి ఉండాలి.

దీనికోసం మా కాలనీలో సంతకాలు సేకరిస్తున్నాం. అటవీ శాఖకూ, మా ఎమ్మెల్యేకూ ఇవ్వబోతున్నాం. శివార్లలోని మిగతా కాలనీ సంఘాలూ ఇదే అడిగితే ప్రభుత్వం పట్టించుకోక తప్పదు.

– ఒక పాఠకురాలు, సైనిక్‌పురి, సికింద్రాబాద్