తల్లికీ బిడ్డకూ ఒకే ఫైలు కావాలి: ఆరోగ్యశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. హెచ్‌ఐవీ ఉన్న తల్లికి చికిత్స లేకపోతే బిడ్డకు సోకే ప్రమాదం 15 నుంచి 45 శాతం. చికిత్స సవ్యంగా సాగితే, తల్లిపాలు తాగే బిడ్డల్లో కూడా అది 5 శాతం లోపుకు దిగుతుంది. తల్లి నుంచి బిడ్డకు సోకడాన్ని అరికట్టిన తొలి దేశంగా క్యూబా 2015లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. మందులున్నా బిడ్డలు చేజారుతున్నది ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి పంపే దగ్గరే.

గర్భిణుల క్లినిక్‌లో ఐరన్, కాల్షియం బిళ్లలు ఇస్తారు. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రంలో వైరస్‌ను అదుపు చేసే డోలుటెగ్రావిర్ ఉన్న మాత్ర ఇస్తారు. పరగడుపున అన్నీ కలిపి మింగితే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. దాన్ని ఆ బిళ్లలకు 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో వేసుకోవాలి. లేదంటే అన్నీ భోజనంతో కలిపి వేసుకోవచ్చు. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసేవారు లేకపోతే ఈ మాట ఆమెకు ఎవరు చెబుతారు? రోజూ తప్పకుండా మందు వేసుకుంటున్నా వైరల్ లోడ్ (రక్తంలో ఉన్న వైరస్ మోతాదు) తగ్గాల్సినంత తగ్గకపోవచ్చు.

కాన్పుకు ముందు చేసిన వైరల్ లోడ్ ఫలితం కాన్పు గదికి చేరాలి. బిడ్డకు సోకకుండా ఇచ్చే మందు దాన్ని బట్టే ఉంటుంది. తల్లిలో వైరస్ అదుపులో ఉంటే 6 వారాల పాటు రోజుకోసారి నెవిరపిన్ సిరప్ సరిపోతుంది. రెండున్నర కిలోలు, ఆపైన ఉన్న బిడ్డకు 15 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములుండే సిరప్‌లో ఒకటిన్నర మిల్లీలీటర్లు. వైరల్ లోడ్ మిల్లీలీటరు రక్తంలో 1000 కాపీలు దాటినా, తల్లికి గర్భంతో ఉండగానే సోకినా ఆ ఒక్క మందు చాలదు. కాగితం రాకపోతే డ్యూటీ నర్సుకు ఇవేవీ తెలియవు.

తల్లి యాంటీబాడీలు బిడ్డలో 18 నెలల దాకా ఉండొచ్చు కాబట్టి అంతవరకూ యాంటీబాడీలను చూసే మామూలు ర్యాపిడ్ టెస్టును నమ్మి పాజిటివ్ అనలేం. 4-6 వారాలకు వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష చేయాలి. ఆరు వారాల టీకాల రోజే మడమ నుంచి రక్తం తీయొచ్చు. నమూనా పంపే కాగితపు కార్డు మీద ఒక్కో వలయం నిండేలా రక్తపు చుక్క పడాలి, తడి చుక్కను వేలితో తాకకూడదు, ఎండ తగలకుండా పరిచి కనీసం 3-4 గంటలు ఆరబెట్టాలి. తడి ఆరకుండా కవరులో పెడితే ల్యాబ్ తిప్పి పంపుతుంది. మళ్లీ రక్తం తీసేసరికి వారాలు గడుస్తాయి. చికిత్స అందని బిడ్డల్లో మరణాలు 2-3 నెలల వయసులోనే ఎక్కువ. అందుకే తొలి ఫలితం పాజిటివ్ రాగానే మందు మొదలుపెట్టి, నిర్ధారణకు రెండో నమూనా పంపాలి.

పాలిచ్చే కాలంలో తల్లికి కొత్తగా సోకితే ప్రమాదం ఇంకా ఎక్కువ. మొదట నెగెటివ్ వచ్చిన వారికి ఏడో నెల తర్వాత మరోసారి పరీక్ష చేయాలి, భర్తకూ చేయాలి.

మేము కోరేది ఇదీ: తల్లి, బిడ్డ ఇద్దరికీ ఒకే ఫైలు నంబరు, గర్భిణి పరీక్షలు, ఏఆర్‌టీ, టీకాలు ఒకే రోజు ఒకే చోట, పాలు మాన్పించాక చివరి పరీక్ష ఫలితం వచ్చేదాకా ఒకే నర్సు బాధ్యత. వాయిదా తప్పితే వారంలోపు, ఆమె ముందే ఒప్పుకున్న పద్ధతిలోనే పలకరించాలి. ఫైలు అట్ట మీద ఎర్ర గుర్తులు పెట్టకూడదు. నలుగురికీ తెలిసిపోతుందన్న భయంతో తల్లులు రావడం మానేస్తారు.

ఇట్లు,
తల్లీబిడ్డల ఆరోగ్య సేవల్లో ఉన్న నర్సులు, కౌన్సెలర్లు