కోర్టు చెప్పిందొకటి, మీరు అచ్చేసింది మరొకటి

అయ్యా,

పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని రద్దు చేస్తూ ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వును అమెరికా సుప్రీంకోర్టు సమర్థించిందని 2025 జూన్ 28న మీ మొదటి పేజీలో పతాక శీర్షిక పెట్టారు. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. వేయలేదు. వేసే ఆలోచన కూడా ఉన్నట్టు లేదు కాబట్టి రాస్తున్నాను.

ఆ తీర్పులో సమర్థించిన ముక్క ఎక్కడుందో చూపించండి. ‘ట్రంప్ వర్సెస్ కాసా’ కేసులో (కాసా అంటే వలసదారుల సంఘం) 6-3 మెజారిటీతో జస్టిస్ ఏమీ కోనీ బారెట్ రాసిన తీర్పు తేల్చింది ఇంజంక్షన్ల సంగతి, అంటే కోర్టులు ఇచ్చే నిలుపుదల ఉత్తర్వుల సంగతి. కేసు వేసినవాళ్లకు పూర్తి ఊరట దక్కడానికి ఎంత కావాలో అంతవరకే సర్కారు ఉత్తర్వును కింది కోర్టు జడ్జి ఆపగలడు, దేశం మొత్తానికీ కలిపి ఆపేయకూడదు అన్నారు. ఉత్తర్వు రాజ్యాంగబద్ధమా కాదా అన్నది మేం ఇప్పుడు తేల్చడం లేదని అందులోనే రాశారు. మరో 30 రోజుల దాకా అది అమల్లోకి రాదని కూడా రాశారు. అంటే మీరు ‘రద్దు’ అని అచ్చేసిన రోజున కూడా అక్కడ పుట్టిన మనవాళ్ల పిల్లలు ఎప్పటిలాగే అమెరికా పౌరులే.

ఇంజంక్షన్ అంటే ఏమిటో తెలియని ప్రాంతమా మనది? గట్టు తగాదాకు మున్సిఫ్ కోర్టులో ఇంజంక్షన్ తెచ్చుకున్నవాడు వీధికొకడుంటాడు. అది కొట్టేసినంత మాత్రాన పొలం ఎదుటివాడిది అయిపోదని వాడికి తెలుసు. మీ డెస్కులో ఎవరికీ తెలియకపోవడమే వింత.

దీని ఫలితం చెబుతాను. మా పక్కింటావిడ కూతురూ అల్లుడూ డాలస్ దగ్గర ఉంటారు. ఇద్దరివీ హెచ్-1బీ వీసాలే. అమ్మాయికి ఏడో నెల. ఆవిడ మీ పేపరు నాలుగు మడతలు పెట్టి పట్టుకొచ్చింది. శీర్షిక కింద బాల్‌పెన్నుతో రెండు గీతలు. ‘అన్నయ్యగారూ, పిల్లను ఇక్కడికి తెచ్చేసి పురుడు పోయమంటారా?’ అంది. ‘ఇక్కడ పురుడు పోస్తే మీరు ఏది పోతుందని భయపడుతున్నారో అది అసలే రాదు కదమ్మా’ అన్నాను. అయితే న్యూజెర్సీలో తోడికోడలి ఇంటికి పంపిద్దామా అన్నది రెండో ప్రశ్న. కేసు వేసినవాళ్లకే ఊరట అన్నారు కదా, ఉత్తర్వు మీద కోర్టుకెక్కిన 22 రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఉంది, డాలస్ ఉన్న టెక్సాస్ లేదు. ఆ మాట ఆవిడకు వాట్సాప్‌లో తెలిసింది, మీ పేపర్లో కాదు.

పోనీ, ఉత్తర్వు ఎవరికి వర్తిస్తుందో అయినా సరిగ్గా రాశారా? తల్లి చట్టవిరుద్ధంగానో, చదువు, ఉద్యోగం, టూరిస్టు వంటి తాత్కాలిక వీసా మీదో ఉండి, తండ్రికి పౌరసత్వంగానీ గ్రీన్‌కార్డుగానీ లేకపోతేనే అది తగులుతుంది. అదీ ఫిబ్రవరి 19 తర్వాత పుట్టినవాళ్లకు. మీ వార్తలో ఇదంతా ‘ప్రవాస భారతీయుల పిల్లలు’ అయి కూర్చుంది. గ్రీన్‌కార్డులు వచ్చి ఏళ్లు గడిచినవాళ్ల అమ్మానాన్నలు కూడా ఆ పొద్దున పూజలు మానేసి ఫోన్లు పట్టుకున్నారు.

జులై 10న ఏం జరిగింది? న్యూహాంప్‌షైర్‌లో జడ్జి జోసెఫ్ లాప్లాంట్, ఈ ఉత్తర్వు దెబ్బ తగిలే పిల్లలందరినీ, పుట్టినవాళ్లనూ పుట్టబోయేవాళ్లనూ ఒక్క వర్గంగా లెక్కగట్టి, క్లాస్ యాక్షన్ కింద, అంటే వాళ్లందరి తరఫునా ఒకే కేసుగా తీసుకుని, దాన్ని దేశమంతటా ఆపేశారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లడానికి ఏడు రోజులు గడువిచ్చారు. ఆయన జూనియర్ బుష్ వేసిన జడ్జి. జనవరిలో సియాటిల్‌లో మొట్టమొదట దీన్ని ఆపి, ఇంత బాహాటమైన రాజ్యాంగ ఉల్లంఘనా అని మండిపడ్డ జడ్జి రేగన్ వేసినాయన. బుష్, రేగన్ ఇద్దరూ ట్రంప్ పార్టీ అధ్యక్షులే. పార్టీల రంగు పులమడానికి కూడా వీల్లేని కథ ఇది. మీ పేపర్లో లాప్లాంట్ ఉత్తర్వు తొమ్మిదో పేజీలో, బంగారం ధరల కింద నాలుగు లైన్లు. నేను వెళ్లి చెబితే పక్కింటావిడ నమ్మలేదు. ‘పేపర్లో పెద్దగా రాలేదుగా’ అంది. మీ మీద జనానికి ఇంకా అంత నమ్మకం ఉంది మరి.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది జూన్ 28 వార్త పక్కనున్న బాక్సు. పుట్టుకతో పౌరసత్వం వలసదారులకు అమెరికా ఇచ్చిన వెసులుబాటు అట! 1857లో డ్రెడ్ స్కాట్ అనే బానిస తనకు స్వేచ్ఛ ఇప్పించమని వస్తే, నల్లవాడు బానిస అయినా కాకపోయినా ఈ దేశ పౌరుడు కాలేడని చీఫ్ జస్టిస్ టానీ తీర్పు రాశాడు. తర్వాత అంతర్యుద్ధం వచ్చింది, ఆరు లక్షల మందికి పైగా చచ్చారు. ఆ తీర్పును పూడ్చిపెట్టడానికి 1868లో 14వ సవరణ తెచ్చారు. ఈ గడ్డ మీద పుట్టి, దీని అధికార పరిధికి లోబడినవాళ్లంతా పౌరులేనని రాజ్యాంగంలోనే రాసుకున్నారు, రేపు ఇంకో అధ్యక్షుడో ఇంకో చట్టసభో వచ్చి తీసేయకుండా. మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు పుట్టకముందు, వీసాలన్నవి లేకముందు, బానిసల బిడ్డల కోసం పుట్టిన హక్కు అది.

ఈ ఉత్తర్వు మీద వాదమంతా ఆ ‘అధికార పరిధి’ గురించే. తాత్కాలిక వీసావాళ్లు పూర్తిగా దాని కిందికి రారన్నది ట్రంప్ సర్కారు వాదన. మరి వాళ్ల జీతంలో పన్ను ఏ పరిధిలో కోస్తున్నారు? స్పీడుగా వెళితే చలానా ఏ పరిధిలో రాస్తున్నారు? ఈ పేచీ కొత్తదీ కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటమనిషి చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే, నువ్వు పౌరుడివి కావని రేవులో దిగనివ్వలేదు. ఇక్కడే పుట్టాడని తెల్లవాళ్ల చేత సంతకాలు పెట్టించిన కాగితం అతని చేతిలోనే ఉంది. నెలల తరబడి ఓడల్లోనే ఉంచారు. 1898లో సుప్రీంకోర్టు 6-2తో అతను పౌరుడేనంది. అతని తల్లిదండ్రులు అక్కడ స్థిరనివాసం ఏర్పరచుకున్నవాళ్లు, ఇప్పటి సర్కారు లాయర్లు పట్టుకు వేలాడేది దాన్నే. అది కూడా రాస్తే పాఠకుడికి రెండు వైపులా తెలిసేది. ఇంకో సంగతి, గెలిచిన మూడేళ్లకే అదే మనిషిని టెక్సాస్‌లో ఎల్‌పాసో దగ్గర మళ్లీ అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు తీర్పును జేబులో పెట్టుకు తిరిగినా ఇమిగ్రేషన్ గుమాస్తా నమ్మాలి కదా. గుమాస్తాలు ఎక్కడైనా గుమాస్తాలే.

మనవాళ్ల చరిత్ర కూడా ఉంది. అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ పౌరసత్వం అడిగితే, హిందూదేశంవాడు తెల్లవాడి కిందికి రాడని 1923లో అదే సుప్రీంకోర్టు అంది. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల దగ్గర కూడా వెనక్కి లాక్కున్నారు. 1946 దాకా మనకు ఆ దారి తెరుచుకోలేదు, తెరిచాక కూడా ఏడాదికి 100 మందికే. ఆ గేటు నిజంగా ఎత్తింది 1965 వలస చట్టం. అంతకుముందు ఏడాదే పౌరహక్కుల చట్టం వచ్చింది. నల్లవాళ్లు లాఠీదెబ్బలు తిని, కుక్కల చేత కరిపించుకుని సాధించిన గాలి అది. ఆ గాలికి మన డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్లారు. టీవీ చర్చల్లో కూర్చుని, అక్కడి నల్లవాళ్ల వల్లే మన పిల్లలకు ఇబ్బంది అని తీర్పులిచ్చే విశ్లేషకుల్లో ఒక్కడు కూడా ఈ మాట అనగా వినలేదు.

మనమేమైనా తక్కువా? ఇక్కడ పుడితే చాలన్న నియమాన్ని మన పార్లమెంటు ఎప్పుడో తీసేసింది. 1987 జులై నుంచి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు నుంచి రెండోవారు అక్రమ వలసదారు కూడా కాకూడదు. మామూలు చట్ట సవరణతో పని అయిపోయింది. దాని మీద ఏ పేపర్లోనూ పతాక శీర్షిక చూసిన గుర్తు లేదు. ఆ బిడ్డలు మనవాళ్లు కారు కాబట్టి అనుకుంటాను.

2025 మార్చిలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక విదేశీ విద్యార్థినిని ముసుగుల్లో వచ్చిన అధికారులు వీధిలో పట్టుకుపోయారు. ఆరు వారాలకు పైగా నిర్బంధించారు. విశ్వవిద్యాలయ పత్రికలో తోటివాళ్లతో కలిసి రాసిన వ్యాసం తప్ప సర్కారు ఇంకే సాక్ష్యమూ చూపలేదని ఆమెను విడిపించిన జడ్జే అన్నారు. పేపర్లో వ్యాసం రాసినందుకు జైలు! అది పేపర్లకు మొదటి పేజీ వార్త కాదా? ఆ వారం మీరు మన విద్యార్థులకు ఇచ్చిన సలహా, సోషల్ మీడియా పోస్టులు తుడిచేసుకోమని.

సుప్రీంకోర్టు చెప్పిన 30 రోజులు 2025 జులై 27తో ముగిశాయి. ఇప్పటికైనా మొదటి పేజీలో, పాత శీర్షిక సైజు అక్షరాల్లోనే మూడు సంగతులు వేయండి: ఆ జూన్ తీర్పుతో పౌరసత్వం రద్దుకాలేదు, అందులో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చలేదు, జులై 10న న్యూహాంప్‌షైర్ కోర్టు పిల్లలందరి తరఫునా ఉత్తర్వును ఆపింది. చోటు చాలకపోతే నా లేఖలో మిగతాదంతా కత్తిరించేయండి, అభ్యంతరం లేదు.

– విశ్రాంత పౌరశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి