స్టూళ్ల సంగతి

విజయనగరం,
ఆదివారం రాత్రి.

చి. అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. నువ్వు స్టోర్ మేనేజరువయ్యావని మీ అమ్మ వీధంతా చెప్పేసింది. మొన్న ఫోన్లో ఆటోక్రటిక్ అంటే తన మాటే నెగ్గాలనేవాడు, డెమోక్రటిక్ అంటే అందర్నీ అడిగి చేసేవాడు, సర్వెంట్ లీడర్‌షిప్ అంటే ముందు పనివాళ్లకి సేవ చేసేవాడు అంటూ ట్రైనింగ్ సంగతులన్నీ చెప్పి, "వీటిలో ఏది మంచిది నాన్నా?" అని అడిగావు. ఏదో అని తప్పించుకున్నాను. ఫోన్లో నాకు మాట రాదు, నీకు తెలుసు కదా. అందుకే ఈ ఉత్తరం.

మూడు లాంతర్ల దగ్గర బట్టల కొట్లో 31 ఏళ్లు గుమస్తాగా చేశాను. సగం పెద్ద షావుకారు హయాం, సగం ఆయన కొడుకు హయాం. పెద్దాయన ఏ రకమో చెప్పలేను. గల్లా పెట్టె దగ్గర ఆయన మాటే చట్టం. లెక్కలో రూపాయి తేడా వస్తే రాత్రి పదయినా తాళం వేయనిచ్చేవాడు కాదు. దసరాకి ఏ చీరలు తెప్పించాలో మాత్రం మమ్మల్నే అడిగేవాడు. "ఆళ్ల మొకాలు రోజూ సూసేది మీరే కదరా" అనేవాడు. ఇక పైడితల్లమ్మ సిరిమాను పండగకి ముందురోజు, తొలేళ్ల నాడు పల్లెల నుంచి జనం విరగబడితే, మాలో ఒకణ్ణి భోజనానికి పంపి, ఆ కౌంటర్లో తనే మీటరు కర్ర పట్టుకుని నిలబడేవాడు. మీ క్లాసులో చెప్పిన మూడు రకాలూ ఒక్క రోజులోనే కనిపించేవి ఆయనలో.

కొడుకు చదువుకున్నవాడు. ఏసీ పెట్టించాడు. గోడ మీద 'మా విలువలు' అని అద్దాల ఫ్రేము వేలాడదీశాడు. అందులో రెండోది 'సిబ్బందే మా కుటుంబం'. అదే వారం కౌంటర్ల వెనకున్న స్టూళ్లన్నీ మేడ మీదికి చేరాయి. కూర్చుంటే కస్టమరు కళ్లకి బద్ధకస్తుల్లా కనిపిస్తామట! రోజుకి పది గంటలు నిలువు కాళ్ల మీద పని. నా పిక్కల మీది నీలం నరాల్ని నువ్వు చిన్నప్పుడు వేలితో రాస్తూ "ఇవి నదులా నాన్నా?" అనేదానివి. రెడీమేడ్ సెక్షన్లో ఒకావిడ అయిదో నెల కడుపుతో గోడకి ఆనుకుని నిలబడేది, సరిగ్గా ఆ ఫ్రేము కిందే. నేను షావుకారుని ఒక్క మాటా అడగలేదు. ఉద్యోగం పోతుందని భయం. ఇప్పటికీ అది గుర్తొస్తే నిద్ర పట్టదు.

కొట్లలో పనిచేసేవాళ్లు కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో చట్టం మార్చింది, తమిళనాడు 2021లో మార్చింది. స్టూలు మీద కూర్చోడానికీ చట్టం కావలసి వచ్చింది చూడు!

అమెరికాలో వాల్‌మార్ట్ కొట్లు పెట్టిన సామ్ వాల్టన్‌ని మీ క్లాసులో తెగ పొగిడారన్నావు కదా, నేనూ కాస్త చదివాను. 1962లో అర్కన్సాలోని రోజర్స్ అనే చిన్న ఊళ్లో మొదటి కొట్టు. కస్టమరు పది అడుగుల దూరంలోకి వస్తే తలెత్తి పలకరించాలని నియమం. పనివాళ్లని 'అసోసియేట్లు' అనేవాడు. అయితే 1970లో కంపెనీ షేర్లు జనానికి అమ్మినప్పుడు లాభంలో వాటా మేనేజర్లకే పెట్టాడు. మిగతావాళ్లని 1971లో గానీ చేర్చలేదు. తన వ్యాపార జీవితంలో అన్నిటికన్నా పెద్ద విచారం అదేనని తర్వాత తనే ఒప్పుకున్నాడట. ఆయన కట్టిన కొట్లన్నిటికన్నా నాకు ఆ ఒప్పుకోలే నచ్చింది.

నీ చేతిలో జీతాలు లేవు. టార్గెట్లు పైనుంచి వస్తాయి, టెన్షన్ నీదవుతుంది. కానీ డ్యూటీ చార్టు నీదే. ఎవరు ఎప్పుడు తింటారు, పండగ రోజు ఎవరు ఇంటికెళ్తారు, బిల్లింగ్ మెషిన్ ఆగిపోతే కస్టమరు తిట్లు ఎవరు పడతారు, ఇవన్నీ నీ చేతిలోవే. మెతగ్గా ఉండమనడం లేదమ్మా. స్టాకులో తేడా వస్తే పెద్ద షావుకారులాగే గట్టిగా అడుగు. కాకపోతే ఆడపిల్లల్ని ఆటోలు దొరికే వేళకే పంపెయ్, ఆ లెక్క పొద్దున చూసుకోవచ్చు.

సిరిమానుకి రాలేనన్నావు. దసరాకీ దీపావళికీ మధ్య నీకు సెలవెవరిస్తారులే. నేనూ అన్నేళ్లూ కొట్టు షట్టరు సగం దించి, ఆ సందులోంచే అమ్మవారికి దండం పెట్టుకున్నాను. ప్రసాదం దాచి ఉంచుతానంటోంది అమ్మ.

మీ కౌంటర్ల వెనక స్టూళ్లు ఎన్నున్నాయో వచ్చే ఆదివారం ఫోన్లో చెప్పు.

నాన్న