సోమవారం నుంచి మెస్ రాత్రి తొమ్మిదిన్నరకే మూసేస్తున్నాం, ఎందుకో చెప్తాను

వచ్చే సోమవారం నుంచి మన మెస్ రాత్రి తొమ్మిదిన్నరకే మూసేస్తాం. భోజనం 90 రూపాయలు ఉన్నది 95 అవుతుంది. వెనక గేటు దగ్గర వేసిన బల్లలు తీసేస్తున్నాం. మూడింటికీ కారణం ఒకటే, చిరుత. మీలో సగం మందికి వీడియో ఈపాటికి అందే ఉంటుంది, మిగతావాళ్లు అది నిజమేనా అక్కా అని కౌంటర్ దగ్గర అడుగుతున్నారు, చేతిలో గరిటె పట్టుకుని ఒక్కొక్కరికీ చెప్పలేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

వీడియో నిజమే. మన వీధి చివర లేఅవుట్ గేటు కెమెరాలో పడింది, మంగళవారం తెల్లవారుజామున రెండున్నర దాటాక. గోడ పక్కనే నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది, ఒక నిమిషం కూడా లేదు, కుక్కను మెడ దగ్గర పట్టుకుని గోడ దూకి వెళ్లిపోయింది. ఆ కుక్క మన నల్లోడే. మెస్ పెట్టిన ఏడాది నుంచి, అంటే ఐదేళ్లుగా, వెనక మెట్ల మీద నా చేతి అన్నం తిన్న కుక్క. చాలామందికి వాడు తెలుసు, రాత్రి ఆలస్యంగా వచ్చేవాళ్లను పీజీ హాస్టల్ దాకా దిగబెట్టి వచ్చేవాడు. ఆ వీడియో నేను ఒక్కసారే చూశాను, రెండోసారి చూడలేకపోయాను.

ఇక్కడిదాకా మీకు తెలిసిందే. తెలియనిది ఏమిటంటే, ఆ చిరుత మన వీధికి రావడంలో మన మెస్ తప్పు ఉంది.

బుధవారం ఫారెస్టు గార్డులు ఇద్దరు వచ్చి వీధి అంతా తిరిగి చూశారు. అడుగుజాడలు చూపించారు, తర్వాత మెస్ వెనక సందులోంచి ఖాళీ సైటు వైపు నన్ను తీసుకెళ్లారు. ఇక్కడి నుంచి రెండు వందల అడుగులు కూడా ఉండదు, లాంటానా పొదలు పెరిగిపోయి ఉంటాయి కాబట్టి నేను ఎప్పుడూ అటు పోలేదు. అక్కడ కోడి తోళ్లు, మెడలు, ఎముకలు, ఎంగిలి విస్తళ్లు, వాటి మధ్యలో మన మెస్ పేరు అచ్చు వేసిన పార్సిల్ కవర్లు. ఒకటి రెండు కాదు, కుప్పలు. చెత్త తీసుకెళ్లే ఆటో అతనికి నెలకు 1,500 ఇస్తున్నాను, రోజూ రాత్రి డ్రమ్ము ఖాళీ అవుతోంది, ఎక్కడికి తీసుకెళ్తున్నావయ్యా అని ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. అతన్ని అనే ముందు నన్ను నేను అనుకోవాలి. నా చెత్త ఎక్కడికి పోతోందో చూసుకోవాల్సింది నేనే.

గార్డు కన్నడలో చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది: చిరుత మన బిర్యానీ వాసనకు రాలేదు, ఎంగిలి తినడానికీ రాలేదు. ఈ కుప్ప మీదికి కుక్కలు చేరాయి, కుక్కల కోసం అది వచ్చింది. నేను లెక్క పెట్టుకున్నాను. మెస్ పెట్టినప్పుడు ఈ వీధిలో నాలుగు కుక్కలు ఉండేవి, ఇప్పుడు పద్నాలుగు. నేను రాత్రి పదిన్నరకు మిగిలిన అన్నం, ఎముకలు వెనక మెట్ల మీద పోసేదాన్ని, పుణ్యం అనుకునే పోశాను. అడవి అంచున ఉన్న వీధిలో రాత్రిపూట కుక్కలన్నిటినీ ఒకచోట చేర్చడం అంటే చిరుతను పిలిచి భోజనం పెట్టడమేనని నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు.

మనం ఉన్నచోటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బెంగళూరుకు కొత్తగా ఉద్యోగాలకు వచ్చిన పిల్లలకు మన బన్నేరుఘట్ట రోడ్డు అంటే ట్రాఫిక్ జామ్ తప్ప ఇంకేమీ తెలియదు. ఈ రోడ్డు పోయి పోయి ఆగేది అడవి దగ్గర. బన్నేరుఘట్ట నేషనల్ పార్క్ అంటే జూ, సఫారీ బస్సులు మాత్రమే కాదు, 260 చదరపు కిలోమీటర్ల అడవి, దక్షిణాన కావేరీ అభయారణ్యం వైపు, తమిళనాడు కొండల వైపు కలిసిపోయి ఉంటుంది. ఏనుగులు ఆ దారుల్లోనే తిరుగుతాయి. 2022 లెక్కల ప్రకారం కర్ణాటకలో 1,879 చిరుతలు ఉన్నాయట. ఆ అడవి చుట్టూ కట్టడాలు అదుపులో ఉంచాల్సిన జోన్‌ను 2016 ముసాయిదాలో దాదాపు 269 చదరపు కిలోమీటర్లు అని రాసి, 2020లో ఖరారు చేసేటప్పటికి 169కి తగ్గించారు. చిరుత ఊళ్లోకి వచ్చిందని అంటున్నాం కానీ, మన లేఅవుట్లే దాని గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాయి. మన మెస్ కూడా అందులో ఒకటి, అద్దె తక్కువని నేనే ఇక్కడికి వచ్చాను.

జూలోంచి తప్పించుకుందట అని ఒక మాట తిరుగుతోంది, దాన్ని ముందుకు పంపకండి. ఇది అడవి జంతువు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందంటే, 2016 ఫిబ్రవరిలో బెంగళూరులోనే వైట్‌ఫీల్డ్ వైపు ఒక స్కూల్లోకి చిరుత దూరింది, ఆదివారం కాబట్టి పిల్లలు లేరు. పట్టుకునేటప్పుడు సంజయ్ గుబ్బి అనే వన్యప్రాణి శాస్త్రవేత్తతో సహా కొందరు గాయపడ్డారు. మత్తు ఇచ్చి పట్టి బన్నేరుఘట్ట జూలో ఉంచితే వారంలోనే అక్కడి నుంచి తప్పించుకుంది. అది ఆ ఒక్క దాని కథ.

ఇంకో మాట, బోను పెట్టించి దూరంగా ఎక్కడో వదిలేయించండి అక్కా, మీరు అందరి సంతకాలు తీసుకోండి అని. మొదటి రోజు నేనూ అదే అనుకున్నాను, నా కూతురికి ఏడేళ్లు, సాయంత్రం ఆ వెనక మెట్ల మీదే కూర్చుని హోంవర్క్ చేసుకుంటుంది, నా టెన్షన్ మీకు చెప్పక్కర్లేదు. కానీ మహారాష్ట్రలో జున్నర్ అనే చోట ఏం జరిగిందో చదివాక సంతకాల కాగితం పక్కన పెట్టేశాను. అక్కడ చెరకు తోటల్లో తిరిగే చిరుతలను పెద్ద సంఖ్యలో పట్టుకుని వేరే అడవుల్లో వదిలారు. తర్వాత మనుషుల మీద దాడులు తగ్గలేదు, పెరిగాయి, వదిలిన చోట్ల కూడా మొదలయ్యాయి. చిరుతల మీద పరిశోధన చేసే విద్యా ఆత్రేయ, ఆమెతో పనిచేసినవాళ్లు ఇదంతా 2011లో ప్రచురించారు. తెలియని చోట వదిలితే అది తన చోటికి తిరిగి రావాలని చూస్తుంది, ఈలోపు ఖాళీ అయిన జాగాలోకి ఇంకొకటి వస్తుంది. మన సైట్లో కుప్ప అలాగే ఉంటే, కుక్కలు అలాగే ఉంటే, ఆ ఇంకొకటి కూడా ఇక్కడికే వస్తుంది. ఇక 2023లో మన బెంగళూరులోనే కూడ్లు గేటు వైపు తిరిగిన చిరుత సంగతి మీలో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది, పట్టుకోబోతే సిబ్బంది మీద పడింది, కాల్పులు జరిపారు, చనిపోయింది. అలాంటిది మన వీధిలో జరగకూడదు, అటు మనిషికీ ఇటు దానికీ.

దీన్ని తేలిగ్గా తీసుకోమని నేను చెప్పడం లేదు. మాది మదనపల్లె వైపు, తిరుమల మాకు పక్కనే. 2023 జూన్‌లో అలిపిరి నడకదారిలో ఒక చిన్న బాబును చిరుత నోట కరుచుకుపోయి వదిలేస్తే బతికాడు, ఆగస్టులో అదే దారిలో ఆరేళ్ల పాపను చంపేసింది. ఆ తర్వాతే భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు, మధ్యాహ్నం దాటాక పిల్లలను నడకదారిలో పంపడం ఆపారు. ఆ పాప వార్త వచ్చిన రోజు మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. చిన్నపిల్లలు, వంగి కూర్చున్న మనిషి దాని కంటికి చిన్న జంతువులా కనిపిస్తారట. నిటారుగా నడిచే పెద్దవాళ్ల జోలికి అది మామూలుగా రాదు, పిల్లల విషయంలో మాత్రం ఆ ధైర్యం పెట్టుకోకూడదు.

ఇప్పుడు మెస్ సంగతి. ఖాళీ సైటు శుక్రవారం శుభ్రం చేయించాను, ట్రాక్టరుకు, ఇద్దరు మనుషులకు కలిపి 6,000 అయింది, అది నా ఖర్చే. ఎంగిలి అన్నం, కూరలు ఇకమీదట పందుల ఫారం అతను మూత ఉన్న డ్రమ్ముల్లో సాయంత్రం ఆరు లోపు ఒకసారి, పొద్దున ఒకసారి తీసుకెళ్తాడు. ఎక్కడికి తీసుకెళ్తున్నాడో బండి వెనకే వెళ్లి చూసి వచ్చాను. రాత్రి మిగిలింది మూత బిగించి లోపలే, షట్టర్ వెనక ఉంటుంది. పెరిగిన ఐదు రూపాయలు దీనికే. చికెన్ ఇక్కడ శుభ్రం చేసే పని మానేశాం, దుకాణం దగ్గరే చేయించి తెస్తాం, కానీ మన దగ్గర పడేసే తోలు వాళ్ల వెనక సందులో పడేస్తే చేసింది ఏమీ లేనట్టే, అందుకని వాళ్లనూ అడిగాను. మొదటి దుకాణం అతను సరిగా జవాబు చెప్పలేదు, మార్చేశాను. కొత్త దుకాణంలో కిలోకు కొంచెం ఎక్కువే పడుతుంది, బిర్యానీ ధర మాత్రం ఈ నెల పెంచను.

కుక్కలను వదిలేయను. పొద్దున పదింటికి అన్నం ముందు వైపు గేటు దగ్గర పెడతాను, పది నిమిషాల్లో గిన్నెలు కడిగి ఎత్తేస్తాను. పీజీల్లో ఉన్నవాళ్లు దయచేసి రాత్రి బిస్కెట్లు, ఎముకలు వేయకండి. ఆపరేషన్లు చేయించడానికి కార్పొరేషన్‌కు అర్జీ పెట్టాను, నాలుగింటికి చేశారు, మిగతా వాటికి మళ్లీ వస్తామన్నారు, నేను వెంటపడుతూనే ఉంటాను.

తొమ్మిదిన్నర ఎందుకంటే, గిన్నెలు తోమే ఇద్దరు ఆడవాళ్లు చెరువు గట్టు మీదుగా నడిచి ఇళ్లకు వెళ్తారు. ఇన్నాళ్లు పదకొండున్నరకు వెళ్లేవాళ్లు. ఇప్పుడు పదింటికల్లా మా ఆయన ఆటోలో దింపి వస్తాడు. మీరు కూడా ఆ గట్టు అడ్డదారి మానేయండి, పెద్ద రోడ్డు మీదుగా రండి, ఇయర్‌ఫోన్లు తీసేసి ఫోన్ లైటు వేసుకుని ఇద్దరు ముగ్గురు కలిసి నడవండి. కనిపిస్తే పరుగెత్తకండి, ఫోటో కోసం దగ్గరికి పోకండి, దాని దారి దానికి వదిలి నెమ్మదిగా వెనక్కి జరగండి. తర్వాత 1926కి ఫోన్ చేయండి, అది ఫారెస్టువాళ్ల సహాయవాణి. గ్రూపుల్లో పెట్టి వంద మందిని పోగుచేయకండి, జనం చుట్టుముడితేనే అది బెదిరి మీద పడుతుంది.

రాత్రి షిఫ్టువాళ్లకు ఇది కష్టమని తెలుసు. మీలో పదకొండు మంది పదింటి తర్వాతే తింటారు. సాయంత్రం ఏడు లోపు మెసేజ్ పెడితే స్టీల్ క్యారియర్‌లో సర్ది మీ పీజీ సెక్యూరిటీ దగ్గర ఎనిమిదిన్నరకు పెట్టిస్తాం, దానికి ఎక్కువ తీసుకోం. క్యారియర్ మాత్రం కడగకపోయినా పర్వాలేదు, ఎముకలు బయట పారేయకుండా అందులోనే వేసి మూత పెట్టి పొద్దున తెచ్చివ్వండి.