పెదనాన్న జ్ఞాపకాల సాయంత్రం: ఈ ఆదివారం

అందరికీ నమస్కారం.

పెదనాన్న వెళ్లిపోయి ఏడాది అయింది. సంవత్సరీకం శుక్రవారం అన్నయ్య ఇంట్లోనే. ఆదివారం మాత్రం అందరం కూర్చుని ఆయన గురించి చెప్పుకుందాం. ఏడుపులొద్దు, ఆయన జోకులు చాలు.

ఎక్కడ: రాజమండ్రిలో పాత ఇంటి మేడ మీద. వానొస్తే కింద హాల్లో.
ఎప్పుడు: సాయంత్రం 6 గంటలకు. లండన్ వాళ్లకు మధ్యాహ్నం 1:30, డాలస్ వాళ్లకు పొద్దున్న 7:30. వీడియో కాల్ లింక్ శనివారం పెడతాను.

ప్రతి ఇంటి నుంచీ ఒక ఫోటో, నిమిషం దాటని వాయిస్ మెసేజ్ శుక్రవారం రాత్రిలోగా పంపండి. గ్రూపులో కాదు, నాకు విడిగా. ఎవరి తల వెనకో రెండు వేళ్లు కొమ్ముల్లా పెట్టి ఆయన అమాయకంగా నిలబడ్డ ఫోటోలుంటే తప్పకుండా వెతకండి. నా పెళ్లి ఆల్బమ్‌లో పంతులుగారికీ పెట్టారు. పాపం, ఆయనకి ఇప్పటికీ తెలియదు!

భోజనాలకు ఎంతమందో గురువారానికల్లా చెప్పండి. పులిహోర, గుత్తివంకాయ, ఆత్రేయపురం పూతరేకులు. షుగర్ ఉన్నా "ఇది స్వీటు కాదే, కాగితం" అంటూ రెండు లాగించేవారు కదా. పెద్దమ్మ మాత్రం నాలుగంటుంది.

దండలు తేవద్దు. "మీసం కనపడదురా" అని ఆయనే ముందే చెప్పి పెట్టారు.

మర్చిపోయాను: పెద్దత్త ఆదివారం మధ్యాహ్నం రైలుకి వస్తోంది. కారున్నవాళ్లెవరైనా స్టేషన్‌కి వెళ్లగలరా? ఇక్కడే చెప్పండి.