ఆ భూతాలు మా ఇంట్లోవే

సంపాదకులకు నమస్కారం.

మా బైరాగిపట్టెడలో ఒక మేడ మీద కాలేజీ పిల్లలు ఆదివారం రాత్రిళ్లు పాచికలు వేస్తూ భూతాలను పిలుస్తున్నారని, పోలీసులు పట్టించుకోవాలని గత వారం మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. ఆ మేడ మాది. పిలుస్తున్న మాట నిజం. పిలిచిన ప్రతిదానికీ లెక్క రాస్తున్నది నేను. 32 ఏళ్లు ఖజానా కార్యాలయంలో బిల్లులు పరిశీలించినవాణ్ణి కనుక ఆ లెక్క మీ పాఠకుల ముందు పెడుతున్నాను.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేయగా 1974లో వచ్చింది. 1980లలో అక్కడి తల్లిదండ్రులు కొందరు ఇది సైతాను ఆట అని గగ్గోలు పెట్టారు, కాబట్టి మా పొరుగాయన ఒంటరివారేమీ కారు. ఒకరు కథ నడుపుతారు, మా ఇంట్లో ఆ పని మా మనవరాలిది. మిగిలిన నలుగురిదీ తలా ఒక వేషం. గంగమ్మ జాతరకు బైరాగి వేషం, మాతంగి వేషం కట్టే ఊళ్లో వేషమంటే ఏమిటో వివరించనక్కర్లేదు. ఇరవై ఏళ్ల వయసులో నేనూ మా అమ్మ చీర కట్టుకుని, పూలు పెట్టుకుని తాతయ్యగుంటకు వెళ్లి మొక్కు తీర్చుకున్నాను. అప్పుడు ఎవరూ పత్రికకు రాయలేదు.

ఎదురింటి కుర్రాడిది డ్రూయిడ్ వేషం, అంటే అడవిని నమ్ముకున్న మంత్రగాడు. ఐదో స్థాయికి చేరగానే వాడికి జంతువులను రప్పించే మంత్రం అబ్బింది. మేము ఆడేది 2014 నాటి పుస్తకం ప్రకారం. అందులో ప్రతి జంతువుకూ దాని బలాన్ని బట్టి ఒక అంకె ఉంటుంది. అంకె 2 అయితే ఒక్కటే వస్తుంది, 1 అయితే రెండు, అరకు నాలుగు, పావుకు ఎనిమిది. తోడేలు పావు. చిరుత కూడా పావే! అలిపిరి మెట్ల దారిలో చేతికర్ర పట్టుకుని ఎక్కినవారెవరూ ఈ అంకెను ఒప్పుకోరు. ఏనుగు అంకె 4, కాబట్టి ఈ మంత్రానికి అది పలకదు. పలమనేరు, కుప్పం వైపు పొలాల్లోకి ఏ మంత్రమూ లేకుండానే వస్తోంది. అది వేరే లేఖ.

మావాడు ఎప్పుడూ ఎనిమిది తోడేళ్లే అడుగుతాడు. కాటు పడిందో లేదో 20 ముఖాల పాచిక తేలుస్తుంది; శత్రువు పక్కన తోటి తోడేలు ఉంటే దాన్ని రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవచ్చు. ఎనిమిదింటికీ కలిపి 16 సార్లు. కాటు పడితే దెబ్బ ఎంతో తేల్చడానికి నాలుగు ముఖాల పాచికలు రెండు వేసి, వచ్చినదానికి 2 కలపాలి. ఆ కాటుకు శత్రువు కింద పడ్డాడా లేదా అని మళ్లీ ఒక పాచిక. ఆటలో ఇదంతా ఆరు సెకన్ల పని. మొదటిరోజు మాకు 11 నిమిషాలు పట్టింది, గోడ గడియారం చూసి చెబుతున్నాను. దొంగ వేషం అమ్మాయి ఈలోగా కిందికి వెళ్లి అందరికీ టీ పెట్టుకొచ్చింది.

అందుకని నేనొక నిబంధన పెట్టాను. తోడేళ్లకు వరుసగా నంబర్లు, ఒక్కోదానికి 11 ప్రాణాంకాలు (దెబ్బ తగిలిన కొద్దీ తరిగే ప్రాణబలం లెక్క), అన్నీ ముందుగానే కాగితం మీద గీసి ఉండాలి. కాగితం లేకపోతే మంత్రం లేదు. వోచరు లేని బిల్లును నేను ఏనాడూ పాస్ చేయలేదు. అసలు ఎన్ని రావాలో మాత్రమే ఆటగాడి ఇష్టం, ఏవి రావాలో కథ నడిపేవారే నిర్ణయిస్తారని ఆట రూపకర్తలు తర్వాత తేల్చి చెప్పారు. ఒకసారి చిత్తడి నేలలో నిలబడి తోడేళ్లు కావాలన్నందుకు మా మనవరాలు ఎనిమిది పెద్ద కప్పలను పంపింది. వాడు రెండు రోజులు మా గడప తొక్కలేదు.

ఇక పొరుగాయన చెవిన పడిన భూతం. అది పంచభూతాలలోది. ఈ ఆటలో గాలి, నేల, నిప్పు, నీరు అని నాలుగే. పిలిచినవాడు మనసు దానిమీదే నిలిపి ఉంచాలి. దెబ్బ తగిలితే 10 గానీ, ఆ దెబ్బలో సగం గానీ, ఏది ఎక్కువైతే అంత పాచికలో రాబట్టుకోవాలి. రాకపోతే తోడేళ్లయితే మాయమవుతాయి. భూతం పోదు. పిలిచినవాడి మీదికే తిరిగి, పిలిచిన గంట పూర్తయ్యేదాకా ఉంటుంది. వినాయక చవితికి ఆవాహన చేసిన స్వామికి ఉద్వాసన చెప్పందే పీట కదపం కదా, ఇక్కడ ఉద్వాసన చెప్పే అధికారమే పోతుందన్నమాట. ఆ రాత్రి నిప్పు భూతం మన మీదికే తిరిగిందని కిటికీ దగ్గర అరిచింది ఎదురింటి కుర్రాడే. పాచికలో వాడికి 3 పడింది.

2024లో పుస్తకాన్ని సవరించారు. ఇప్పుడు జంతువులు విడివిడిగా రావు, మంద ఒకటే ఆత్మలా కదులుతుంది. పాచికలు బాగా తగ్గాయి. దానికి మారదామని మనవరాలు పోరుతోంది. నాకు నచ్చలేదు. 2 ప్రాణాంకాలతో వంతెన మీద ఒంటరిగా నిలబడ్డ ఏడో నంబరు తోడేలు గురించి పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు. మందకు నంబరు ఉండదు.

రాత్రిపూట గోల అన్నది మాత్రం న్యాయమైన ఫిర్యాదే. తొమ్మిది దాటాక పళ్లెంలో తువ్వాలు పరిచి పాచికలు వేయిస్తున్నాను. 20 పడినప్పటి కేకలకు ఇంకా మార్గం దొరకలేదు.

- ఒక విశ్రాంత ఖజానా ఉద్యోగి, బైరాగిపట్టెడ, తిరుపతి